చీము పోయింది, గోరుచుట్టు పోలేదు: ఒక టిఫిన్ సెంటర్ కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వయసు 43. భర్తతో కలిసి బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతారు. నేను తెనాలిలో చర్మవ్యాధుల డాక్టర్‌ని. గోరుచుట్టు మాకు రోజువారీ కేసే, ఇందులో రాయడానికేముంది అని తోటి డాక్టర్లకు అనిపించవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడే ఆమెను అడగాల్సిన ప్రశ్న ఒకటి నేను అడగలేదు. దానివల్ల ఆమె నాలుగు నెలలు అదనంగా బాధపడ్డారు. ఆ సంగతి దాచకుండా రాస్తే ఇంకొకరికైనా పనికొస్తుందని మొదలుపెట్టాను.

మొదటి రాక, జూలై

కుడి చేతి మధ్యవేలిని ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని వచ్చారు. చెయ్యి కిందికి దించితే సలుపు ఎక్కువవుతుందని అలా పట్టుకున్నారు. "నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు మేడం గారూ. సలిపి సలిపి ప్రాణం తీస్తోంది" అన్నారు. వేలికి నిమ్మకాయ తొడిగి ఉంది. కాయకు బొక్క పెట్టి, లోపల పసుపూ ఉప్పూ కూరి వేలికి తొడగడం మన ఇళ్ళల్లో తాతల నాటి వైద్యం. ఆమె రెండు రోజులుగా అదే చేస్తున్నారు. నిమ్మకాయ తీసి చూస్తే కింద చర్మం నానిపోయి తెల్లబారింది. పులుపు తగిలి అప్పటికే వాచిన చర్మం ఇంకా ఒరుసుకుపోయింది. చల్లటి నిమ్మకాయలో వేలు పెడితే మంట కాసేపు తగ్గినట్టు అనిపిస్తుంది, అది నిజమే. లోపల చీము పట్టాక మాత్రం దాన్ని బయటికి లాగే శక్తి నిమ్మకాయకు లేదు.

గోటికి ఒక పక్కనా, మొదలు దగ్గరా చర్మం ఎర్రగా ఉబ్బింది. దాని కింద పసుపు పచ్చగా చీము కనిపిస్తోంది. వేలి కొస కండ మెత్తగానే ఉంది. ఇది తప్పకుండా నొక్కి చూడాలి. అక్కడ బిగుసుకుపోయి ఉంటే చీము వేలి కొస అరల్లోకి దిగినట్టు. దాన్ని ఆలస్యం చేస్తే ఎముక దాకా పోతుంది. చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా ఉన్నాయా అని కూడా చూశాను, లేవు. ఉంటే అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే వేలి జబ్బు. చూడ్డానికి గోరుచుట్టులాగే ఉంటుంది గానీ, దానికి కత్తి పెట్టకూడదు. పళ్ళ డాక్టర్లలో, నర్సుల్లో, వేలు చీకే పిల్లల్లో దాన్ని చూస్తుంటాం.

వేలి మొదట్లో లిగ్నోకెయిన్ ఇచ్చి, మొద్దుబారాక గోటికీ చర్మం మడతకీ మధ్య సన్నని చదునైన పరికరం పోనిచ్చి మడతను మెల్లగా పైకి లేపాను. కోత అవసరం రాలేదు. చీము బయటికి రాగానే ఆమె ముఖం తేటపడింది. ఇంత తొందరగా ఊరట ఇచ్చే పని డాక్టర్ల చేతిలో చాలా తక్కువ. నాకైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ క్షణం సంతోషంగానే ఉంటుంది.

చీము చిన్నదై, మనిషి ఆరోగ్యంగా ఉంటే, చీము తీసేశాక చాలాసార్లు యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు వేలు ముంచి, పొడిగా తుడుచుకుంటే సరిపోతుంది. ఈమెకు షుగర్ చూస్తే 262 ఉంది. అప్పటిదాకా ఆమెకు షుగర్ ఉందని ఎవరికీ తెలియదు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో చెప్పే హెచ్‌బిఏ1సి పరీక్షలో 8.6 వచ్చింది. చెప్పగానే ఆమె కళ్ళు చెమర్చాయి. "గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, నాకు నిజంగానే అయింది" అన్నారు. ఆ సామెత అంతకు ముందు ఎన్నోసార్లు విన్నాను. గోరుచుట్టు ఉన్న మనిషి నోటి నుంచి వినడం అదే మొదలు. ఐదు రోజులు సెఫలెక్సిన్ రాసి, షుగర్ కోసం ఫిజీషియన్ దగ్గరికి పంపాను. చీము పరీక్షలో స్టాఫిలోకాకస్ ఆరియస్ పెరిగింది, మామూలు మందులకు లొంగే రకమే. వారానికి వేలు మానింది. ఆ రోజుకి కేసు ముగిసిందనుకున్నాను.

ఆ రోజు నేను ఒక్క మధ్యవేలినే చూశాను. మిగిలిన తొమ్మిది వేళ్ళూ అక్కడే, బల్ల మీదే ఉన్నాయి.

రెండో రాక, నవంబరు

కార్తీక మాసంలో మళ్ళీ వచ్చారు. ఈసారి చీమూ లేదు, అంత సలుపూ లేదు. కుడి చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడింటికీ గోటి మొదట్లో చర్మం ముదురు ఎరుపులో, దిండులా ఉబ్బి ఉంది. నొక్కితే కొంచెం నొప్పి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కూడా అదే దారిలో ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది క్యూటికల్. చర్మం అంచు నుంచి గోటి మీదికి పాకి, గోటికి అంటుకుని ఉండే ఆ సన్నని పొర ఈ వేళ్ళలో దేనికీ లేదు. మడత గోటి నుంచి విడిపోయి జేబులా నోరు తెరుచుకుంది.

ఈ నాలుగు నెలల్లో జరిగింది ఆమె చెబుతుంటే రాసుకున్నాను. మధ్యవేలు మానిన నెలకే పక్క వేళ్ళు వాచాయి. ముందు ఇచ్చిన మందే కదా అని మెడికల్ షాపులో అవే యాంటీబయాటిక్ బిళ్ళలు మూడు సార్లు కొనుక్కున్నారు. తర్వాత అదే షాపులో "అన్నిటికీ పనిచేసే" ట్యూబు ఒకటి ఇచ్చారు. అందులో క్లోబెటాసాల్ అనే బలమైన స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, నియోమైసిన్ కలిసి ఉన్నాయి. తర్వాత వేరే చోట చూపించుకుంటే ఫంగస్ అని చెప్పి వారానికొకటి చొప్పున ఆరు వారాలు ఫ్లుకోనజోల్ వాడించారు. తగ్గినట్టే తగ్గి, మళ్ళీ మొదటికొచ్చింది.

ఫంగస్ అన్నవాళ్ళను తప్పుపట్టలేను. నేను కూడా మడత కింద నుంచి కొంచెం గీరి, ఫంగస్ ఉందా అని మైక్రోస్కోపులో చూసే కేఓహెచ్ పరీక్ష చేశాను. ఈస్ట్ కణాలు కనిపించాయి. కల్చర్‌లో క్యాండిడా అల్బికాన్స్ అనే ఫంగస్ వచ్చింది. రిపోర్టు చేతిలో ఉంటే ఎవరికైనా ఫంగస్ బిళ్ళ రాయాలనే అనిపిస్తుంది. మేము పీజీ చదివే రోజుల్లో మాకు నేర్పింది కూడా అదే: ఆరు వారాలు దాటిన గోరుచుట్టు అంటే క్యాండిడా. ఇప్పుడు ఆ ఆలోచన మారింది. నీళ్ళు, సబ్బు, కూరగాయల రసాలు కలిసి చర్మాన్ని కొరికేస్తే వచ్చే ఎగ్జిమా ఇది. క్యూటికల్ ఊడి తలుపు తెరుచుకున్నాక క్యాండిడా లోపలికి వచ్చి కూర్చుంటుంది. తడి ఉన్నచోట అది ఉండడం సహజం. 2002లో ఇటలీ పరిశోధకులు ఇలాంటి 45 మందిని మూడు జట్లు చేసి, రెండు జట్లకు రెండు రకాల ఫంగస్ బిళ్ళలు, మూడో జట్టుకు స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చి పోల్చారు. క్రీమ్ వాడినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. క్యాండిడా పోవడానికీ జబ్బు తగ్గడానికీ పెద్దగా పొంతన కనిపించలేదు.

గోళ్ళు చెప్పిన తేదీలు

ఉంగరపు వేలి గోటి మీద అడ్డంగా రెండు గాళ్ళు పడి ఉన్నాయి. గోరు తయారయ్యే చోటు చర్మం మడత కింద ఉంటుంది. ఆ పైన వాపు వస్తే గోరు పెరగడం కుంటుపడి, ఆ గుర్తు గాడిలా మిగిలిపోయి, గోరుతో పాటు ముందుకు నడుస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్కేలు పెట్టి కొలిచాను. ఒక గాడి మడత అంచు దగ్గరే ఉంది, రెండోది దానికి 5 మిల్లీమీటర్ల ముందు ఉంది. అంటే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య యాభై రోజుల దాకా తేడా ఉండాలి.

"ఆగస్టులో, అక్టోబరులో పని బాగా పెరిగిందా?" అని అడిగాను.

ఆమె ఆశ్చర్యపోయారు. "శ్రావణమాసం పెళ్ళిళ్ళకి టిఫిన్ల ఆర్డర్లు వచ్చాయండీ. మళ్ళీ దసరాకి. గోరు చూసి ఎట్టా చెప్పారు?"

జూలైలో అడగాల్సింది ఈ ప్రశ్నే: రోజంతా ఈ చేతులు ఏం చేస్తాయి? అప్పుడు "ఏం పని చేస్తారు" అని అడిగితే "టిఫిన్ సెంటర్ అండీ" అన్నారు, నేను రాసుకున్నాను, అక్కడితో ఆపేశాను. వృత్తి పేరు రాసుకోవడానికీ పని తెలుసుకోవడానికీ చాలా దూరం ఉంది. ఈసారి తెల్లవారుజాము నుంచి మొదలుపెట్టి చెప్పమన్నాను.

మూడున్నరకు లేస్తారు. నానబెట్టిన మినప్పప్పు కడిగి గ్రైండర్‌లో వేస్తారు, మధ్య మధ్యలో తడి చేత్తో పిండి తోస్తారు. అల్లం గీరుతారు, వెల్లుల్లి వలుస్తారు, పచ్చిమిరపకాయలు తుంచుతారు, చింతపండు పిసుకుతారు. ఆరింటి నుంచి గిరాకీ. ప్లేట్లు తొట్టిలో పడుతుంటాయి, ఆమె తోముతూనే ఉంటారు. స్టీలు పీచు, గిన్నెల సబ్బు. ఒక చెయ్యి పీచు పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి ప్లేటు. మధ్యలో చీర కొంగుకు తుడుచుకుని చిల్లర ఇస్తారు. పదకొండుకు బేరం ముగిశాక పెద్ద గిన్నెలు. సాయంత్రం మళ్ళీ బజ్జీలు, మళ్ళీ అంట్లు. రాత్రికి పప్పు నానబెట్టడంతో రోజు ముగుస్తుంది.

చేతులు ఎన్నిసార్లు తడుస్తున్నాయో ఒక రోజు లెక్కపెట్టి రమ్మన్నాను. కూతురు క్యాలెండర్ వెనక గీతలు గీసి పంపింది. ఎనభై దాటాక లెక్క ఆపేశారు. జర్మనీలో కార్మికుల రక్షణ నియమాలు రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, మాటిమాటికీ చేతులు కడిగినా దాన్ని తడి పనిగా లెక్కించి యజమానికి బాధ్యత పెడతాయి. మన టిఫిన్ సెంటర్లలో, కర్రీ పాయింట్లలో, ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళు ఆ గీతను ఉదయం ఎనిమిది లోపే దాటేస్తారు. దాన్ని జబ్బు తెచ్చే పని అని వాళ్ళతో ఎవరూ చెప్పరు. ఇది నన్ను బాధిస్తుంది.

చూపుడువేలి గోటికి ఒక పక్క ఆకుపచ్చగా ఉంది. అది సూడోమోనాస్ అనే బాక్టీరియా రంగు. గోరు కాస్త లేచి కింద తడి నిలిచినచోట చేరుతుంది. ఎముక సంగతి తేల్చుకోవడానికి మధ్యవేలికి ఎక్స్‌రే తీయించాను, బాగానే ఉంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఈమెకు రెండు చేతుల్లో, చాలా వేళ్ళకు ఉంది కాబట్టి తడి పనే కారణమని ధైర్యంగా అనుకున్నాను. ఏళ్ళ తరబడి ఒకే ఒక్క వేలికి గోరుచుట్టు అంటూ, అన్ని మందులూ వాడి వచ్చేవాళ్ళ దగ్గర ఆ ధైర్యం పనికిరాదు. అలా వచ్చిన ఒక పెద్దాయనకు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్‌కి వాడే గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి బిళ్ళలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ వల్ల కూడా గోరుచుట్టులు వస్తాయి. అందుకే మందుల చీటీలన్నీ అడిగి చూడాలి. గోరుచుట్టు మందులు కాక ఈమె వాడేది షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఒక్కటే.

వైద్యం

గోరుచుట్టుకి వాడుతున్న బిళ్ళలన్నీ ఆపేశాను. రాత్రి పని ముగిసి, చేతులు ఆరాక మొమెటాసోన్ ఆయింట్‌మెంట్ గోటి మడత మీద సన్నగా రాయమన్నాను, మూడు వారాలు. పొద్దున క్లోట్రిమజోల్ లోషన్ మడత కిందికి జారేలా ఒక్కో చుక్క. ఆకుపచ్చ గోటిని లేచినంత మేర కత్తిరించి, బాగా పలచన చేసిన వెనిగర్ నీళ్ళలో రోజూ కాసేపు ముంచి వెంటనే ఆరబెట్టమన్నాను. పగలు వీలైనప్పుడల్లా వ్యాజ్‌లైన్. క్యూటికల్‌ని వెనక్కి నెట్టడం, పుల్లతో మడత కింద శుభ్రం చేయడం పూర్తిగా మానేయమన్నాను. పిండి ఇరుక్కుంటోందని ఆమె రోజూ పిన్నీసుతో శుభ్రం చేసుకుంటున్నారట. అడిగితేనే చెప్పారు.

ఆమె భర్త సరైన ప్రశ్న వేశారు. "ఆ ట్యూబులో కూడా స్టెరాయిడే ఉందన్నారు. మీరు రాసిందీ స్టెరాయిడే. మరి తేడా ఏంటండీ?" తేడా మూడు చోట్ల ఉంది. అందులోది చాలా బలమైన రకం, గడువు లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా తొందరగా చిట్లుతుంది. అందులోని నియోమైసిన్ చాలామందికి స్వయంగా అలర్జీ తెస్తుంది. మూడోది అన్నిటికంటే పెద్దది: ఆమె ఆ ట్యూబును పొద్దున ప్లేట్లు తోమే ముందు రాసుకునేవారు. పది నిమిషాల్లో అది తొట్టిలో కలిసిపోయేది. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటి ట్యూబులు అమ్మకూడదని 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇంకా చేతికొస్తూనే ఉన్నాయి.

మందు రాయడం తేలిక. చేతులు ఆరబెట్టడం ఎలా? "నీళ్ళలో చేతులు పెట్టొద్దు" అని నేను చీటీ మీద రాస్తే అది వైద్యం కింద లెక్కకు రాదు. నీళ్ళలో చెయ్యి పెట్టకపోతే ఆ రోజు కొట్టు తెరవలేరు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి పనిని ముక్కలు చేసి చూశాం. దోసె పెనం దగ్గర ఉండేది ఆయన, తొట్టి దగ్గర ఆమె. పెనం దగ్గర చేతులు పొడిగా ఉంటాయి. ఆరు వారాలు ఇద్దరూ చోట్లు మార్చుకుంటామన్నారు. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఇది ముందే చేయాల్సింది" అన్నారు. పదకొండింటి తర్వాత పెద్ద గిన్నెలకు ఒక మనిషిని పెట్టుకున్నారు.

గ్లౌజుల గురించి కూడా నేను నేర్చుకున్నది ఉంది. ఉత్త రబ్బరు గ్లౌజు అరగంట వేసుకుంటే లోపల చెమటకు చెయ్యి నీళ్ళలో పెట్టినట్టే నానుతుంది. లోపల నూలు గ్లౌజు, పైన మోచేతి దాకా వచ్చే వదులైన రబ్బరు గ్లౌజు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి తీసి ఆరనివ్వడం. నూలువి నాలుగు జతలు ఉండాలి, తడిసింది తడిసినట్టు మార్చేయడానికి. లోపలికి నీళ్ళు చేరిన గ్లౌజు అసలు గ్లౌజు లేకపోవడం కంటే చెరుపు. వెల్లుల్లి గ్లౌజుతో వలవలేమని ఆమె ఖచ్చితంగా చెప్పారు. ఆ పని అత్తగారు తీసుకున్నారు, రోజుకు కాసిని కాబట్టి.

మార్గశిరం నుంచి వేసవి దాకా

మూడు వారాలకు వాపు సగానికి పైగా తగ్గింది. స్టెరాయిడ్ రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు చేసి ఆపాం. ఆరు వారాలకు ఎరుపు పోయింది గానీ క్యూటికల్ ఇంకా రాలేదు. ఇక్కడే చాలామంది మానేస్తారు. నొప్పి లేదు, వాపు లేదు, తగ్గిపోయిందనుకుంటారు. మడత గోటికి మళ్ళీ అంటుకునేదాకా జేబు నోరు తెరిచే ఉంటుంది. ఒక్క రోజు తడి చాలు.

సరిగ్గా అదే అయింది. సంక్రాంతికి అరిసెల ఆర్డర్లు వచ్చాయి. మూడు రోజులు తడి బియ్యం, తడి పిండి, పాకం, రాత్రీ పగలూ. కనుమ వెళ్ళిన మర్నాడు మూడు వేళ్ళు వాచి వచ్చారు. తిడతానేమోనని భయపడుతూ వచ్చారని ముఖం చూస్తే తెలిసింది. తిట్టడానికేముంది? ఏడాదిలో ఆ ఇంటికి నాలుగు డబ్బులు మిగిలే వారం అది. రెండు వారాలు మళ్ళీ ఆయింట్‌మెంట్ రాసి, వచ్చే సంక్రాంతికి పిండి కొట్టేది మరలోనే అయినా కలిపేది ఎవరు, వండేది ఎవరు అని ఇప్పుడే మాట్లాడుకోమన్నాను.

ఫిబ్రవరి చివరికి చూపుడువేలికి సన్నటి తెల్లని దారంలా క్యూటికల్ మొదలైంది. భూతద్దం పెట్టి ఆమెకూ చూపించాను. మార్చికి మూడు వేళ్ళకూ వచ్చింది. హెచ్‌బిఏ1సి 7.1కి దిగింది. షుగర్ అదుపులోకి రావడం కూడా దీనికి సాయపడింది. మే నెలకు గాళ్ళున్న పాత గోరంతా కొసకు వచ్చి కత్తిరింపుల్లో పోయింది. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడుతుందని మొదట్లోనే చెప్పి ఉంచాను, కాబట్టి కంగారు పడలేదు.

ఒకసారి భర్త కాలి బొటనవేలు చూపించారు. దానికి కూడా ఇదే ఆయింట్‌మెంట్ రాయొచ్చా అని. రాయకూడదు. ఆయనది గోరు అంచు పక్క కండలోకి దిగడం వల్ల వచ్చింది. గోరు మూలలు గుండ్రంగా లోపలికి కత్తిరించడం, బిగుతు చెప్పులు కారణం. మూలలో కొంచెం దూది పెట్టి గోరును పైకి లేపి ఉంచితే సరిపోయింది. అదే షుగర్ ఉన్నవాళ్ళ కాలికి వస్తే ఇంట్లో బ్లేడుతో కోసుకోవడం లాంటివి అస్సలు చేయకూడదు, ఆ రోజే చూపించుకోవాలి.

మే నెలలో చివరిసారి వచ్చినప్పుడు ఆమె వెంట ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకామె ఉంది. గిన్నెలు తోమడానికి పెట్టుకున్న మనిషి. "నాకేం లేదండీ, అక్కే లాక్కొచ్చింది" అంది ఆ అమ్మాయి, చేతులు చున్నీ కింద దాచుకుంటూ. ఈమె ఆ చేతిని తీసి నా బల్ల మీద పెట్టారు. "చూడండి మేడం గారూ. దీనికి కూడా ఈ వేలికి ఆ పొర పోతా ఉంది. నాకు మొదట్లో ఇట్టాగే ఉండుంటది కదా?"

వాపు లేదు, ఎరుపు లేదు. కుడి చూపుడువేలికి, మధ్యవేలికి క్యూటికల్ అంచు చిరిగి అక్కడక్కడా ఊడింది. మందేమీ రాయలేదు. రెండు జతల నూలు గ్లౌజులు, ఒక రబ్బరు జత, వ్యాజ్‌లైన్ డబ్బా. గ్లౌజుల డబ్బు కొట్టు నుంచి ఇస్తామని ఆమె నేను అడగకముందే అన్నారు. పది వేళ్ళూ ఒక్కొక్కటిగా చూసి, ఆ అమ్మాయి పేరు మీద కొత్త ఓపీ చీటీ రాసి, మూడు వారాలకు రమ్మన్నాను.